పరాయి రాయికి బొట్టు

మల్కాజ్‌గిరిలో కొనాలా, హబ్సిగూడలో కొనాలా అన్న మాట మా ఇంట్లో ఆ ఎండాకాలమంతా నలిగింది. ఇల్లంటే తార్నాకలో ఒక పెంకుటింటి వెనక భాగం, ఒక గది, చిన్న వసారా. మా ఆయన యూనివర్సిటీలో ఒక కాలేజీ ప్రయోగశాలలో అటెండరు. ఊళ్ళో ఉన్న చెలక పొలం అమ్మితే అన్నదమ్ములిద్దరికీ వాటాలు వచ్చాయి. రైల్వేలో పనిచేసే మా బావ తన వాటాతో మల్కాజ్‌గిరి స్టేషన్ దగ్గర స్థలం కొని అప్పటికే ఇల్లు లేపాడు. దాని పక్క స్థలం ఇంకా ఖాళీగానే ఉంది.

“అన్న పక్కపొంటి ఉంటే బలం గదనే,” అనేవాడు మా ఆయన.

ఆయనకది బలమే. నాకు మాత్రం ఆ పక్కన యారాలు ఉంటుంది, మా బావ భార్య. ఊళ్ళో కలిసి ఉన్నన్నాళ్ళూ పొయ్యి ఆమెది, పొయ్యి ముందు కూర్చునేది నేను. కూరలో ఉప్పు ఎంత వెయ్యాలో ఆమె చెప్పాలి, నేను వెయ్యాలి. చెడ్డ మనిషి కాదు. నాకు జ్వరం వస్తే తెల్లవార్లూ తల దగ్గరే కూర్చుంది. మర్నాడు ఆ సంగతి బావి దగ్గర అందరికీ చెప్పింది. తార్నాకకు వచ్చాకే నా పొయ్యి నేను నా ఇష్టానికి ముట్టించుకున్నాను. హబ్సిగూడలో కొంటే అది నాకు మిగులుతుంది, మల్కాజ్‌గిరిలో కొంటే పోతుంది. నాకు తెలిసిన లెక్క అంతే.

ఈ మాట ఆయనతో ఎలా అనగలను? ఎర్రనేల బాగుందన్నాను. కాలేజీకి నడిచి పోవచ్చన్నాను. ద్రాక్షతోటల గాలి చల్లగా వస్తుందన్నాను. చివరికి ఆయన నవ్వాడు.

“గాలి గురించి నువ్వెప్పటిసంది మాట్లాడుతున్నవే? మా వదినకు భయపడుతున్నవని చెప్పరాదు?”

నేను తల వంచుకున్నాను. ఆ ఆదివారం నన్ను హబ్సిగూడ తీసుకెళ్ళి మేం కొనబోయే స్థలం ఏదో చూపించాడు. మూలల్లో సున్నం కొట్టిన రాళ్ళు, వాటి మీద ఎర్ర రంగుతో అంకెలు. “గిదే మన నంబర్, యాదికి పెట్టుకో,” అన్నాడు. సరేనన్నాను. ఇప్పుడు బస్సు ముందర నంబరు చూసి నేనే ఎక్కుతున్నాను కాని, అప్పటికి నాకు నోట్లు రంగును బట్టే తెలుసు. రాయి పక్కన విరగబూసిన తంగేడు పొద ఉంది. దాన్నే గుర్తు పెట్టుకున్నాను.

బయానా ఇచ్చే రోజు దగ్గరపడేసరికి నాకు భయం పట్టుకుంది. ఆయన మనసు మళ్ళీ అన్న వైపు తిరుగుతుందేమోనని. చెలక అమ్మిన రోజు నేను పిడికెడు మట్టి తీసి పసుపు గుడ్డలో మూటగట్టి దాచుకున్నాను, ఎక్కడ ఇల్లు కడితే అక్కడ పునాదిలో వెయ్యాలని. శుక్రవారం ఆయన పనికి పోయాక తలంటుకుని, తడి ఆరని జుట్టు ముడేసుకుని, ఆ మూట తీసుకుని ఒక్కదాన్నే హబ్సిగూడ నడిచాను. తంగేడు పొద పక్కన రాయిని కడిగి పసుపు రాశాను, కుంకుమ బొట్లు పెట్టాను. కొబ్బరికాయ కొట్టాను. దిష్టి తగలకుండా నిమ్మకాయ కోసి కుంకుమ అద్ది రెండు పక్కలా పెట్టాను. రాయి మొదట్లో మట్టి తవ్వి మూట పాతిపెట్టాను. ఈ చోటు నాకే ఉంచు తల్లీ అని మొక్కుకుని, వచ్చేటప్పుడు చాలా సంతోషంగా వచ్చాను.

ఆ ఏడు క్యాంపస్‌లో పాఠాలు సరిగా జరగడం లేదు. ఎప్పుడూ ప్రత్యేక తెలంగాణ ఊరేగింపులే. గోడల నిండా రాతలు. నేను చదవలేను కదా, మా ఆయన చదివి చెప్పేవాడు, కోస్తా నుంచి వచ్చినవాళ్ళను వెళ్ళిపొమ్మంటున్నారని.

మూట పాతిన తర్వాత కొద్ది రోజులకు ఆయన సాయంత్రం నవ్వుకుంటూ వచ్చాడు. నేను జొన్నరొట్టె చేస్తున్నాను.

“విన్నవా? మన పక్క ప్లాట్ మా కాలేజ్ల ఓ సార్ది. ఆంధ్ర సార్. గాయన జాగల ఎవరో చేతబడి చేసిండ్రట! కోసిన నిమ్మకాయలు, కుంకుమ. తవ్వి చూస్తే పసుపు గుడ్డల మట్టి మూట, ముడిల ఆడమనిషి ఎంటిక గూడ ఉన్నదట. పొమ్మంటున్నరని అమ్మగారు ఒకటే ఏడుపట.”

పెనం మీద రొట్టె మాడింది. నేను తియ్యలేదు.

“ఆ మట్టి మన చెలకదే,” అన్నాను.

“ఏంది?”

“మన రాయే అనుకున్న. తంగేడు చెట్టు చూసుకుని పెట్టిన.”

“తంగేడు చెట్లు గాడ ఎన్ని లేవే! రాయి మీద నంబర్...” అని ఆగిపోయాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. విప్పిన అంగీ మళ్ళీ తొడుక్కుని, “నడువు, చెప్పొద్దాం,” అన్నాడు.

క్యాంపస్‌లో ఆ సార్ బంగళాకు పోయాం. మెట్ల కింద చెప్పులు విడిచి, మా ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వరండాలో అమ్మగారు, ఇంకెవరో చుట్టపుచూపుగా వచ్చిన ఆవిడ కూర్చుని ఉన్నారు. అమ్మగారి కళ్ళు వాచి ఉన్నాయి. నేనే చెప్పాను.

“మిమ్ముల పొమ్మని కాదమ్మా. మా జాగ అనుకుని మంచికే పెట్టిన.”

“అదేమిటి? నంబరు అంతంత పెద్దగా రాసి ఉంది కదా!”

“నాకు సదువు రాదమ్మా.”

ఆమెకు నవ్వు మొదలైంది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉంది. “ఓసి పిచ్చిదానా! ఎంత హడలగొట్టావే! ఇవన్నీ అమ్మేసి మా ఊరు వెళ్ళిపోదామని మావారి ప్రాణం తోడేస్తున్నాను.” లోపలికి కేకేసి నాకు కాఫీ తెప్పించింది. కుర్చీలో కూర్చోమంది. నేను మెట్టు మీద కూర్చున్నాను. ఆమె పక్కావిడ వైపు తిరిగింది.

“చూశారా, వదినగారూ! మా స్థలానికి మాకంటే ముందే శంకుస్థాపన చేసేసిందండీ ఈవిడ!”

ఆవిడా నవ్వింది. లోపలి నుంచి సార్ వచ్చి, విని, ఆయనా నవ్వాడు. సార్ నవ్వాడు కాబట్టి మా ఆయన కూడా చేతులు కట్టుకునే నవ్వాడు. నేను కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

“రేపు ఇరుగుపొరుగు కాబోతున్నాం. అంకెలు నేను నేర్పిస్తాలే,” అంది అమ్మగారు. మంచి మనసుతోనే అంది.

“మూట ఏదమ్మా?” అని అడిగాను.

“అయ్యో, పనమ్మాయి చేత నాలాలో పారేయించాను. ఏముంది అందులో?”

“మట్టేనమ్మా,” అన్నాను.

తిరిగి వస్తుంటే దారిలో, “మల్కాజ్‌గిరిలనే తీస్కుందాం,” అన్నాను.

ఆయన ఆగి నా ముఖం చూశాడు. “ఎందుకే? అమ్మగారు మంచిగనే మాట్లాడింది గద.”

“అందుకే.”

ఆమె ఇంటికి వచ్చే ప్రతి చుట్టానికీ ఆ కథ చెబుతుంది. ప్రహరీ మీంచి నన్ను పిలిచి, ఈవిడే అని చూపిస్తుంది. ఏ దురుద్దేశమూ ఉండదు. నేను కూడా నవ్వాల్సి ఉంటుంది. యారాలు మాట అంటే నాకు కోపం వచ్చేది, గిన్నెలు గట్టిగా తోమేదాన్ని. ఆ వరండాలో కోపం రాలేదు. ఒళ్ళంతా చచ్చిపోయినట్టయింది. జీవితాంతం ఆ సిగ్గును పక్కన పెట్టుకుని నేను వండుకోలేను. ఇదంతా ఆయనకు చెప్పలేదు. తార్నాక వచ్చేదాకా ఇద్దరం రోడ్డుకు చెరో పక్కన నడిచాం.

మల్కాజ్‌గిరి స్థలానికి బయానా ఇచ్చిన రోజు మా బావ, యారాలు మా కంటే ముందే వచ్చి నిలబడ్డారు. యారాలు పళ్ళెంలో పసుపు కుంకుమలు తెచ్చింది. చుట్టూ ఒకసారి చూసి, “వంటిల్లు మా దిక్కుకు పెట్టున్రి. కిటికీలకెళ్ళి మాట్లాడుకోవచ్చు,” అంది. ఆయన నా వైపు చూశాడు. నేను ఊఁ అన్నాను.

“రా, రాయికి బొట్టు పెట్టు,” అని యారాలు పళ్ళెం నా ముందు పట్టింది.

“నువ్వే పెట్టక్కా,” అన్నాను.

“ఇల్లు నీది, నేనెందుకే?” అంది కాని, మురిసిపోతూ ముందుకు వంగి పెట్టింది. లేచి చేతులు దులుపుకుని, “మన చెలక మట్టి దాచిపెడితివి గద, ఏది? తే, ఏద్దాం,” అంది.

నేను ఆయన వైపు చూశాను.

“యాడనో పోయింది వదినా,” అన్నాడు మా ఆయన, రైలు పట్టాల వైపు చూస్తూ.

“నీ చేతిల ఏదున్నా గింతే,” అంది యారాలు నాతో. కొంగు బిగించి, వంగి, ఆ స్థలంలోని మట్టే పిడికెడు తీసి నా చేతిలో పోసింది. “ఇగ, దీన్నే మొక్కుకో.”

మొక్కుకున్నాను.