ఫెరెటి పని పదకొండు నిమిషాలు

సవాయి దీవిలోని ఆ ఊళ్లో ఫెరెటిని మించిన మాటకారి లేడు. అరటిగెల కొట్టుకొస్తానని బయల్దేరి, దారిలో కనపడిన వాళ్లందరినీ పలకరించి, పొద్దువాలాక ఉత్త చేతులతో ఇల్లు చేరేవాడు. భార్య చెప్పి చెప్పి విసిగిపోయి గెలలు తనే కొట్టుకొచ్చేది.

ఆ ఏడు బడిలో ఎపెనెసా టీచరు కొత్త పద్ధతి పెట్టింది. పిల్లలు శనివారాలు ఊరికి పనికొచ్చే పని చెయ్యాలి, ఆ పనిలోనే లెక్కలు నేర్చుకోవాలి. అమ్మో నాన్నో వెంట రావాలి. ఆరో తరగతి వంతుకు వలెలియా అవ్వ ఇంటిబాట వచ్చింది. రోడ్డు నుంచి గుమ్మం దాకా నల్లరాళ్లు పరవాలి.

ఎవరెంతసేపు పని చేశారో రాసే బాధ్యత ఫెరెటి కూతురు లూసేది. సోమవారం ఆ పిల్ల గ్రాఫు గీసి బడి గోడకు అంటించింది. అందరి గీతలూ కొబ్బరిచెట్లలా నిలబడితే ఫెరెటిది గడ్డిపరకంత ఉంది. పదకొండు నిమిషాలు. పక్కనే "మాటలు" అని ఇంకో గీత. రెండు గంటల పది నిమిషాలు. కాగితం చాలక పైన ఇంకో ముక్క అతికించింది.

ఊరంతా వచ్చి చూసి నవ్వుకుని పోయింది.

"కన్నతండ్రిని గోడకెక్కిస్తావటే?"

"నీళ్లు తాగిన టైము కూడా పనిలోనే కలిపాను నాన్నా. లేకపోతే తొమ్మిదే."

తలెత్తుకోలేక, మరుసటి శనివారం ఫెరెటి పెదవి విప్పలేదు, వంచిన నడుము ఎత్తలేదు. లూసే గడియారం చూసుకుని మురిసిపోయింది. అవ్వ మాత్రం గుమ్మంలో మూతి ముడుచుకు కూచుంది. చివరికి కర్ర తాటించుకుంటూ టీచరు దగ్గరికొచ్చింది.

"వీడికేమైంది? జ్వరమా?"

"పని చేస్తున్నాడవ్వా."

"రాళ్లదేముందే, ఎవడైనా మోస్తాడు. పోయిన వారం మా ఆయన పడవ పందెం సంగతి అడిగాడు వీడు. ఆయన పోయాక ఆ మాటెత్తినవాళ్లు లేరు. కథ సగంలో ఉంది. నేనెక్కడికో నడిచి వెళ్లడానికా ఈ బాట? ఎవరైనా వస్తారనేగా."

లూసే పెన్సిలు ఆపింది. "మాటలు ఏ లెక్కలో వెయ్యాలి టీచర్?"

ఎపెనెసా అవ్వ వైపు చూసి అంది, "పనిలోనే వెయ్యి."

ఫెరెటి నడుము పట్టుకుని లేచి అవ్వ పక్కన చేరాడు. "ఇంతకీ గాలి తిరిగాక ఏమైందవ్వా?"

తక్కిన తండ్రులు గుర్రుగా చూశారు. టీచరు, బాటరాళ్ల సందుల్లో నింపే గులకరాళ్ల బుట్ట తెచ్చి వాళ్లిద్దరి మధ్యా పెట్టింది. "చేతులు ఖాళీగానే ఉన్నాయి కదా, ఏరుతూ చెప్పుకోండి."

బాట తొమ్మిది వారాలకు పూర్తయింది. నాలుగు వారాల పనేననీ, అవ్వ కథలో పడవ ఒడ్డుకు చేరేదాకా ఫెరెటే సాగదీశాడనీ ఆ తండ్రులు ఇప్పటికీ అంటారు.