బిగించిన ఉయ్యాల

మా అన్నయ్య చివరి ఏడాది వెల్లకిలా పడుకోలేకపోయాడు. ముక్కుకు తువ్వాలైనా కట్టుకోకుండా ముప్పై ఏళ్ళు మామిడి తోటకు మందు కొట్టాడు, దానికి తోడు చుట్టలు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. మంచం మీద నడుం వాలిస్తే చాలు, గాలి అందేది కాదు. గోడకు దిండ్లు చేరేసుకుని కూర్చునే కునికేవాడు. స్నానానికి వదిన పట్టుకోవాలి, దొడ్డికి నేను పట్టుకోవాలి. తిరువూరు బస్టాండులో ఒక్క కేక వేస్తే కదిలిన బస్సు ఆగేది, అంత గొంతున్న మనిషి. ఆయన్ని చంకల కింద చేతులేసి లేపుతుంటే నాకే సిగ్గుగా ఉండేది. ఆయనకెలా ఉండేదో నేనెప్పుడూ అడగలేదు.

మా ఇల్లు రెడ్డిగూడెం వెళ్ళే దారిలో, తోటలోనే ఉంది. మా అమ్మాయి విజయవాడలో చదువుకునే రోజుల్లో కాలేజీవాళ్ళతో కొండ మీద క్యాంపుకని ఒక ఉయ్యాల కొనుక్కుంది. పల్చటి నైలాను గుడ్డ, రెండు చివర్లా చెట్లకు కట్టుకునే పట్టీలు. ఒక్కసారి వాడి అటకెక్కించింది. వేసవి మొదట్లో వదిన దాన్ని దించి దులిపింది.

“పసిపిల్లలు చీర ఉయ్యాల్లో ఎంత హాయిగా నిద్రపోతారు! ఈయనకీ కట్టి చూద్దామయ్యా” అంది.

“కట్టు వదినా, బారసాల కూడా చేసేద్దాం” అన్నాను. అన్నయ్య నవ్వబోయి దగ్గులో పడ్డాడు.

ఇంటి ముందు రెండు మామిడి చెట్లకు కట్టాం. మొదటి రోజు అన్నయ్య మంచం మీద కూర్చున్నట్టే అంచున కూర్చోబోయాడు. అది గిర్రున తిరగబడింది, నేను పట్టుకోకపోతే నేల మీదుండేవాడు. ఇక ఆ ఆశ వదిలేశాడనుకున్నాను. వదల్లేదు. నెల రోజులు దానితో కుస్తీ పట్టి ఒక పద్ధతి కనిపెట్టాడు. ఉయ్యాలకు వీపు పెట్టి నిలబడేవాడు. గుడ్డను వెనక రెండు చేతులా విప్పి పట్టుకుని, అంచు మోకాళ్ళ వెనక తగిలేదాకా వెనక్కి జరిగేవాడు. తగిలాక బరువంతా నడిమధ్యలో పడేలా కూర్చునేవాడు. కాసేపు ఊపిరి తీసుకుని, తల ఒక మూలకీ కాళ్ళు ఇంకో మూలకీ పెట్టి ఐమూలగా వాలేవాడు. అలా పడుకుంటే తల ఎత్తులో ఉండి గాలి ఆడేది. దిగేటప్పుడు ముందు రెండు కాళ్ళూ ఒకే పక్కకు దించేవాడు. పాదాలు రెండూ నేలకు ఆనాక, చెట్టుకు వేరే కట్టిన తాడు పట్టుకుని ముందుకు వంగి లేచేవాడు. ఎక్కడానికి పది నిమిషాలు, దిగడానికి ఇంకో పది. నేను దగ్గరికి వెళ్తే కసిరేవాడు.

“రావద్దురా. ఇదొక్కటి నేను చేసుకుంటా. మిగతావన్నీ మీరే చేస్తున్నారుగా.”

మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోయేవాడు. లేచి వచ్చి అరుగు మీద కూర్చుని, పొలం పని చేసి వచ్చినవాడిలా మంచినీళ్ళడిగి గ్లాసెడూ గటగటా తాగేవాడు. ఏడాదిలో ఆయన మొహం వెలగడం నేను చూసింది అప్పుడే.

ఇప్పుడు నా గొప్ప సంగతి. మా ఇళ్ళలో నవారు మంచం కుక్కిదైతే ఇంటికే పరువు తక్కువ. మా నాన్న పదిరోజులకోసారి మంచాలన్నీ వాకిట్లో వేయించి నవారు బిగించేవాడు. మీద అరచేత్తో కొడితే డప్పులా మోగాలి. ఎవరింట్లోనైనా మంచం కుంగి ఉంటే, ఆ ఇంటి మగాడు సోమరి అని తీర్మానించేసేవాడు. ఆస్తులు పంచుకునేటప్పుడు ఆ బుద్ధి మొత్తం నా వాటాకొచ్చింది. ఈ ఉయ్యాల చూస్తేనేమో మధ్యలో జారిపోయి వేలాడుతుండేది. అది వదులుగా ఉంటేనే మనిషిని పట్టుకుంటుంది. అన్నయ్యకు ఆ సంగతి తెలుసు. నాకు తెలీదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషిని, ఇంకొకర్ని అడుగుతానా?

ఒక పొద్దున కాయ బేరగాడు తోట చూడ్డానికొచ్చాడు. ఉయ్యాల వైపు చూసి, “అదేంటండీ, అన్నగారిని కుక్కిమంచంలో వేశారు?” అన్నాడు. మామూలుగానే అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అతను వెళ్ళగానే, అన్నయ్య స్నానంలో ఉండగా, రెండు పట్టీలూ లాగి బిగదీశాను. గుడ్డ జానెడు పైకి లేచింది. చేత్తో కొట్టి చూసుకున్నాను. ఎత్తుగా ఉంటే లేవడం కూడా తేలికేగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇంతమాత్రానికి ఆయనకు చెప్పేదేముందిలే అనుకున్నాను.

భోజనం చేసి అన్నయ్య కర్ర పట్టుకుని వెళ్ళాడు. నేను అరుగు మీద పేపరు చూస్తున్నాను. నడిచేటప్పుడు ఆయన చూపంతా కాళ్ళ మీదే ఉండేది, ఆయాసంలో తలెత్తేవాడు కాదు. వీపు తిప్పాడు, గుడ్డ విప్పాడు, వెనక్కి జరిగాడు, కూర్చున్నాడు. బిగుసుకుపోయిన ఆ గుడ్డలో మనిషి దిగడానికి లోతు లేదు. అది తిరగబడి ఆయన్ని విసిరేసింది. తొంటి విరిగిన చప్పుడు అరుగు దాకా వినిపించింది.

వదిన ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెత్తింది. అన్నయ్య తల నా ఒళ్ళో ఉంది, కళ్ళు మూసుకుని మూలుగుతున్నాడు. ఆ తలను తీసి నేల మీద పెట్టాను. లేచి వెళ్ళి పట్టీలు రెండూ మళ్ళీ వదులు చేశాను. తిరిగొచ్చి తల ఒళ్ళోకి తీసుకున్నాను. ఇది రాస్తుంటే కూడా నా మీద నాకు అసహ్యం వేస్తోంది.

విజయవాడ ఆసుపత్రిలో, ఈ ఊపిరితిత్తులతో ఆపరేషన్‌కు తట్టుకోలేడన్నారు. మంచం తలవైపు ఎత్తి, కాలికి బరువు వేలాడదీసి కదలొద్దన్నారు. అక్కడ కూడా ఆయన ఒక పని తనే చేసుకునేవాడు. చెయ్యి వణికినా, మీద ఒలికినా, నీళ్ళ గ్లాసు తనే పట్టుకుని తాగేవాడు. మిగతా పొద్దంతా ఎదుటి గోడ వంక చూస్తూ ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు పెదాలు కదిలించేవాడు. నాలుగో రోజు పొద్దున నేను మొహం తుడుస్తుంటే అడిగాడు.

“ఒరేయ్, అంచు తగిలేదాకా ఆగాను. తగిలాకే కూర్చున్నా. మరి తప్పెక్కడ చేశానురా?”

నేను తువ్వాలు మళ్ళీ తడిపి పిండాను.

“కాస్త పైన తగిలినట్టనిపించింది. ఎవరన్నా బిగించారా ఏంటి?”

వదిన పక్కనే ఉంది. నిజం నా నోటిదాకా వచ్చింది. నా నోటితోనే, “అదేం లేదన్నయ్యా, ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. నీకు కళ్ళు తిరిగుంటాయి” అన్నాను. వదిన కూడా అవునంది. ఆటోతో తిరిగొచ్చి ఆమె చూసినప్పుడు వదులుగానే ఉంది మరి.

అన్నయ్య మళ్ళీ గోడ వైపు తిరిగాడు. “అయ్యుంటుందిలే. చేతగాక పడ్డానన్నమాట” అన్నాడు.

కాసేపటికి వదిన నీళ్ళ గ్లాసు అందించింది. ఆయన చెయ్యి చాపలేదు. నా వైపు చూసి నోరు తెరిచాడు. ఆ తర్వాత బతికిన పదిహేను రోజులూ నేనే తాగించాను.