పచ్చరంగు ఊరు

వికారాబాద్‌లో రైలెక్కి మా ఎదుట కూర్చున్న ఆ ఇస్త్రీ చొక్కా మనిషి పేరు నాకు తెలియదు. తెలుసుకోవాలని అనిపించలేదు కూడా. ఏ ప్రాంతంలో ఏ జబ్బు ఎక్కువుందో లెక్కగట్టే ఉద్యోగమట. అడక్కపోయినా ఒళ్లోని ల్యాప్‌టాప్ నావైపు తిప్పి జిల్లా పటం చూపించాడు. ఊపిరితిత్తుల జబ్బు పటంలో వికారాబాద్ ఎర్రగా, మా తాండూరు పచ్చగా ఉన్నాయి.

"పచ్చ అంటే బాగున్నట్టు. కొత్త ఎక్స్‌రే మిషన్ ఎర్రగా ఉన్నచోటికే వెళ్తుంది," అన్నాడు, తానే వరమిస్తున్నట్టు.

నా పక్కన తమ్ముడు దగ్గుతున్నాడు. తాండూరులో బండలు పాలిష్ చేస్తాడు. వాడి ఎక్స్‌రే కవరు నా ఒళ్లోనే ఉంది.

"మా తాన ఎక్స్‌రే తీసేటోళ్లు లేకనే వికారాబాద్ దాంక పోయొస్తున్నం సార్. మరి వీని దగ్గు ఏ ఊరి లెక్కల రాస్తరు?" అని అడిగాను.

"పరీక్ష ఎక్కడ చేస్తే ఆ ఊరి లెక్కలోకే వెళ్తుంది. సిస్టం అంతే."

అంత చదువూ చదివి, దగ్గు మిషన్ దగ్గరే పుడుతుందనుకునే మనిషి! నాకు కోపం కూడా రాలేదు. కోపం తెచ్చుకోవడానికైనా ఎదుటివాడు ఓ పాటి మనిషై ఉండాలి.

తాండూరు దగ్గరపడింది. పాలిష్ మిషన్ల తెల్లదుమ్ము కనిపించగానే ఆయన కిటికీ షట్టరు దించి, జేబులోంచి మాస్కు తీసి ముక్కుకు బిగించుకున్నాడు.

"పచ్చగున్న ఊరే గద సార్, గదెందుకు?" అన్నాడు తమ్ముడు, దగ్గు ఆపుకుంటూ.

"నాకు దుమ్ము పడదయ్యా," అన్నాడాయన, లోకంలో దుమ్ము పడనిది తనొక్కడికే అయినట్టు.