దస్తగిరి చేలో రెండు సంచులు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు నన్ను నంద్యాల పరిశోధన స్థానంలో శనగ విభాగానికి సీనియర్ శాస్త్రవేత్తగా వేశారు. తక్కువ తేమతో నెగ్గుకొచ్చే కొత్త రకం ఒకటి అప్పటికి చేతికొచ్చింది. స్థానంలో పండితే చాలదు, రైతు పొలంలోనూ నిలవాలి. అందుకని మినీకిట్ అనే చిన్న విత్తన సంచి ఉచితంగా ఇస్తాం. సగం చేలో అది, సగంలో రైతు వాడుక రకం, రెండింటికీ ఒకే సేద్యం. నియమం అంతే.

ఆళ్లగడ్డ వైపు రుద్రవరం దగ్గర దస్తగిరి అనే రైతుకు ఒక సంచి ఇచ్చాను. మాట మొరటు, మనిషి వెన్న. కాయ పట్టే రోజుల్లో వెళ్తే మా సగం గుబురుగా కళకళలాడుతోంది. అతని సగం వాడిపోయింది. చుట్టుపక్కల రైతులు వచ్చే ఏటికి ఆ విత్తనమే కావాలని నా చుట్టూ మూగారు. నా ఆనందానికి పట్టపగ్గాలు లేవు. తీరా చేలో దిగితే అతని వైపు నేల నెర్రెలిచ్చి ఉంది, మా వైపు చెప్పులకు బురద అంటింది.

అడిగితే దస్తగిరి దాచలేదు. "రెండు తూర్లు బోరు నీళ్లు పెట్టినా సార్. మీరు నమ్మి ఇస్తిరి. ఇంటికొచ్చిన చుట్టాన్ని ఎండలో కూచోబెడతామా?"

కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. కానీ అక్కడ మూగిన వాళ్లలో చాలామందికి బోర్లు లేవు. ఆ పచ్చదనం చూసి విత్తితే మునుగుతారు. గట్టు మీదే నీళ్ల సంగతి చెప్పి, ప్రయోగం చెల్లదన్నాను. దస్తగిరి ముఖం చిన్నబోయింది.

"మంచి చేస్తే తప్పెట్లయితాది సార్?" అన్నాడు. నలుగురిలో అతన్ని తక్కువ చేసినందుకు నాకు చాలా బాధేసింది.

మరుసటి ఏడు మళ్లీ అతని దగ్గరికే వెళ్లాను. ఈసారి అతని వాడుక రకాన్నీ మా గోదాము నుంచే తెచ్చాను. సంచుల మీద పేర్లు లేవు, ఒకటి, రెండు అని అంకెలే. గింజ చూపుకు తేడా తెలియదు. ఏ అంకె ఏ రకమో నాకొక్కడికే తెలుసు. ఇందులో మీదేదని దస్తగిరి అడిగితే రెండూ నావే అన్నాను. రెండూ మా గోదాము విత్తనమే కనుక అది అబద్ధం కాదు.

"రెండూ చుట్టాలే అయితే అన్ని నీళ్లు యాడ తెచ్చేది?" అని దస్తగిరి బోరు జోలికే పోలేదు.

కోతల్లో రెండో సంచి పంట కాస్త ఎక్కువ తూగింది. అది మా రకమే. అయితే కాస్తే. చూడవచ్చిన వాళ్లలో సగం మంది ఇంతేనా అని వెళ్లిపోయారు. బోర్లు లేని రైతులు మాత్రం ఆగారు.

"ఈతూరి సుక్క నీళ్లు పెట్టలే. నమ్మండప్పా" అన్నాడు దస్తగిరి వాళ్లతో. ఆ మాట మీదే వాళ్లు విత్తనం అడిగారు.

ప్రయోగం వేసేటప్పుడు నేలనూ తేమనూ ఎరువునూ లెక్కలోకి తీసుకుంటాం. రైతు ప్రేమనూ తీసుకోవాలి. దాన్ని వద్దనలేం, రెండు సగాలకూ సమంగా పడేలా చూసుకోవాలి. ఆ తర్వాత నేను రైతుకిచ్చిన ఏ సంచి మీదా రకం పేరు రాయలేదు.