ఇంటికొక చెంగయ్య

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది, నెల్లూరు నుంచి బయలుదేరి, చిత్తూరులో బొగ్గుతో నడిచే బస్సు దిగి, కాణిపాకం దారిలోని ఓ పల్లెకు నడిచాను. మా నాయన చెంగయ్య బావులు తవ్వే కూలీ. నేను అమ్మ కడుపులో ఉండగానే, ఆ పల్లెలో బావి తవ్వుతుంటే దరి విరిగి మీద పడి చనిపోయాడు. అప్పటికి ఆయనకు నిండా పాతికేళ్లు లేవు. అమ్మ మొగుడి పేరు నోట పలకదు. ఆమెకు బాధ కలుగుతుందని మిగతావాళ్లూ పలకరు. ఆ పేరు వినపడకుండానే మా ఇంట్లో నేను పెరిగాను.

ఆ బావిని చూడకుండా వెనక్కి పోనని వచ్చాను. ఊరి మొదట్లోనే కనిపించింది. నీళ్లు చేదుతున్న అవ్వను, చెంగయ్య తెలుసా అని అడిగాను.

“ఏ చెంగయ్యప్పా? ఈడ ఇంటికొకడు ఉండాడు.”

“ఈ బావి తవ్వుతూ పోయినాయన. నేను ఆయన కొడుకుని.”

అవ్వ చేద పక్కన పెట్టి నా గడ్డం పట్టుకుంది. “ఆయప్ప పేరే గదా నాయనా అందురికీ! ఈ నీళ్లు తాగే ప్రతి ఇంట్లో తొలి మగబిడ్డకు అదే పెట్టుకున్నాము.”

నా దోసిట్లో నీళ్లు పోసి, ఊరివైపు తిరిగి గొంతెత్తింది. “ఒరే చెంగయ్యా! యాడుండావురా? పెద్ద చెంగయ్య కొడుకు వచ్చినాడు!”

మూడు వాకిళ్లలోంచి ముగ్గురు పలికారు. “వస్తా ఉండా!”