బల్లకట్టు ఒరిగిన వైపు

ఎనిమిదేళ్ళ తర్వాత సరంగు మా షాపు ముందు బండి ఆపినప్పుడు నేను తల ఎత్తలేదు. ఎవరిదో గేటుకి వెల్డింగు చేస్తున్నాను. మొహానికి అద్దం అడ్డం పెట్టుకున్నవాడు తల ఎత్తకపోతే ఎవరూ తప్పు పట్టరు. ఆ వంకతో అతణ్ణి ఎండలో నిలబెట్టాను. ఒక రాడ్డు అయిపోయాక ఇంకోటి తగిలించాను, అదీ అయిపోయాక మరోటి.

"బల్లకట్టు ఎడమకి ఒరుగుతా ఉంది అబ్బాయ్," అన్నాడు చివరికి తనే. "ముగ్గురు చూసి పోయారు. ఎవరికీ అంతు చిక్కలా. ముందు అతికింది ఎవరో వాళ్ళనే పిలవమన్నాడు మా కాంట్రాక్టరు."

మాది గురజాల. మా నాన్న పెట్టిన వెల్డింగు షాపు. ఆయన్ని నేను అబ్బా అంటాను. మా ఊరికి ఉత్తరాన కృష్ణ దాటాలంటే మా రేవులో ఇప్పటికీ బల్లకట్టే గతి. రెండు పొడుగాటి ఇనుప ట్యాంకులు, వాటి మీద ఫ్రేము, ఫ్రేము మీద బల్లలు. మనుషులు, మోటారు సైకిళ్ళు, మిరపకాయల టిక్కీలు వేసుకున్న ఆటోలు, ఒక్కోసారి లారీ కూడా దాని మీదే తెలంగాణ గట్టుకి పోతాయి. దాన్ని నడిపేవాడే సరంగు. చిన్నప్పటి నుంచి అతణ్ణి నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఎనిమిదేళ్ళ కిందట మానేశాను.

అప్పట్లో ఎడమ ట్యాంకు అడుగున రేకు తుప్పు పట్టి పలచబడింది. దాని మీద కొత్త రేకు అతికింది నేను. మా నాన్న పక్కనే నిలబడి చూశాడు. అతుకు పొడవునా సుత్తితో తట్టి, చెవి పెట్టి విని, "సరే" అన్నాడు. ముప్పై ఏళ్ళు నీళ్ళ మీది ఇనుముతో పనిచేసిన మనిషి. ఆయన సరే అంటే నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

తర్వాత రెండు నెలలకి దుర్గిలో చెక్కించిన రాతి నందిని ఒక ట్రాలీ ఆటోలో ఎక్కించి అవతలి గట్టు ఊరికి తీసుకుపోతున్నారు. నది మధ్యకి వెళ్ళేసరికి బల్లకట్టు ఎడమకి ఒరిగింది. తాళ్ళు తెగి నంది నీళ్ళలో పడిపోయింది. మనుషులకేం కాలేదు. మర్నాడు నన్నూ నాన్ననూ రేవుకి పిలిపించారు. బల్లకట్టు కోసం నిలబడ్డ జనం, నంది తాలూకు ఊరివాళ్ళు, అందరూ ఉన్నారు.

"ఈ సాయిబు కొడుకు చేసిన అతుకు ఊడింది. దేవుణ్ణి నీళ్ళపాలు చేశాడు," అన్నాడు సరంగు.

ట్యాంకు తెరిచి చూద్దామని నేను అన్నాను. ఎవరూ వినలేదు. చూసేది ఏముంది, అతికిన వైపే కదా ఒరిగింది అన్నారు. మా నాన్న టోపీ తీసి చేతిలో పట్టుకుని, అక్కడున్న ఒక్కొక్కరికీ చేతులు జోడించాడు. "మావాడి పని వల్లే అయితే తప్పే, క్షమించండి," అన్నాడు. సరంగు మా పనిముట్ల పెట్టె ఎత్తి కృష్ణలోకి విసిరేశాడు. అందులో మా తాత సుత్తి ఉంది.

నందిని ఆ వేసవిలో నీళ్ళు తగ్గాక క్రేను పెట్టి తీశారు. మా నాన్న మాత్రం మళ్ళీ ఆ రేవుకి పోలేదు. ఏడాది తిరగకుండా రాడ్డు పట్టడం కూడా మానేసి, షాపు బయట కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాడు. కళ్ళు కనపడటం లేదన్నాడు. నేను నమ్మలేదు. సరంగు వల్లే అనుకున్నాను. అనుకోవడం కాదు, రోజూ పొద్దున ఆ కుర్చీ బయట వేసేటప్పుడల్లా గుర్తు చేసుకున్నాను. అతని ఇంజను నది మధ్యలో ఆగిపోవాలనీ, కట్టిన గడ్డి వాములు అంటుకోవాలనీ కోరుకున్న రోజులున్నాయి. నాకంత చెడ్డ మనసు ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

అందుకే అతను పిలవగానే వస్తానన్నాను. బల్లకట్టు బాగు చేయడానికి కాదు. ఆ ట్యాంకులోకి దిగి నా అతుకుని నా కళ్ళతో చూడటానికి.

నాన్నకి చెప్పకుండా పోయాను.

ముందు బల్లకట్టు ఖాళీ చేయించి గట్టుకి కట్టించాను. నాలుగు మూలలా బల్ల అంచు నుంచి నీటి దాకా టేపు పెట్టి కొలిచాను. కుడివైపు రెండు మూలలూ పందొమ్మిది అంగుళాలు. ఎడమ ముందు మూల పదహారు. ఎడమ వెనక మూల పదకొండు. ఇంజను కుడివైపే ఉంది కాబట్టి దాని బరువు కారణం కాదు. ట్యాంకు లోపల అడ్డంగా రేకులు పెట్టి నాలుగు అరలు చేసి ఉంటారు. ఒక అరలో నీళ్ళు చేరినా మిగతా మూడూ తేలతాయని. ఒక్కో అరకీ పైన బోల్టులు బిగించిన మూత. మూతలు విప్పించి కర్ర దించి చూశాను. మూడు అరల్లో కర్ర పొడిగా వచ్చింది. వెనక అరలో మోకాలి ఎత్తున తడిసింది.

నేను అతికింది ఆ అర అడుగునే.

సరంగు మొహంలో వెలుగు కనపడింది. "నేను చెప్పలా? మీ పాత అతుకే. అప్పుడూ అదే, ఇప్పుడూ అదే."

మోటారు పెట్టి నీళ్ళు తోడించాను. తోడటం అవగానే సరంగు చొక్కా విప్పాడు.

"నేనే దిగి చూపిస్తా ఉండు. నీ కళ్ళతో నువ్వే చూద్దువుగాని," అంటూ మూత తీసిన కంతలోకి కాళ్ళు పెట్టాడు.

మూసి ఉంచిన ఇనుప ట్యాంకులోకి అలా దిగకూడదు. తుప్పు లోపలి గాలిని తినేస్తుంది. వాసన రాదు, పొగ రాదు. దిగినవాడు రెండు గుక్కల్లో కూలిపోతాడు, వాణ్ణి తీయడానికి దిగినవాడూ అంతే. ఇది మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం. సరంగుకి తెలియదు. నాకు తెలుసు. అయినా నోరు మెదపలేదు.

అతను నడుము దాకా దిగాడు. చేతులు రెండూ కంత అంచు మీద ఆన్చి, కాళ్ళతో కింద మెట్టు వెతుకుతున్నాడు. నేను రెండడుగుల దూరంలో నిలబడి చూస్తున్నాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనరు. తొందరపడి తనే దిగాడు కదా అంటారు. ఛాతీ దాకా దిగాడు. అప్పుడు వంగి, రెండు చంకల కింద చేతులు వేసి ఒక్క లాగు లాగాను. బల్లల మీద వెల్లకిలా పడ్డాడు.

"ఏందిరా, ఏంది?"

"లోపల గాలి లేదు. దిగితే చస్తావ్."

అతనికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నా చెయ్యి పట్టుకుని, "నా పానం నిలబెట్టావు అబ్బాయ్," అన్నాడు. చెయ్యి విదిలించుకున్నాను. జాలితో లాగలేదు. చచ్చిపోతే నాకు చెప్పాల్సిన మాట చెప్పకుండా పోతాడని లాగాను. ఇప్పటికీ నేను ఆ క్షణం గురించి ఇంతకంటే మంచిగా చెప్పుకోలేను.

మధ్యాహ్నం దాకా బ్లోయరు పెట్టి లోపలికి గాలి కొట్టించి, అప్పుడు నేను దిగాను. లైటు వేసి చూస్తే నా అతుకు ఎలా వేశానో అలాగే ఉంది. చుట్టూ రేకు తుప్పు పట్టి పొరలు లేస్తోంది గానీ అతుకు గీత మాత్రం చెక్కుచెదరలేదు. చేత్తో తడిమాను. ఆ ఇరుకులో, ఆ తుప్పు వాసనలో, ఏడుపొచ్చింది. బయట వాళ్ళకి వినపడకూడదని సుత్తితో రేకు మీద కొట్టాను.

మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే లోపల చుక్క నీరు లేదు. రాత్రంతా బల్లకట్టు ఖాళీగా గట్టున కట్టేసి ఉంది. అప్పుడు విషయం అర్థమైంది. ఖాళీగా ఉంటే నీళ్ళు రావడం లేదు. బరువెక్కి ట్యాంకు కిందికి దిగినప్పుడే వస్తున్నాయి. అంటే చిల్లు అడుగున లేదు. మామూలుగా నీటికి పైన ఉండి, బరువెక్కినప్పుడు మాత్రం నీట మునిగే చోట ఎక్కడో ఉంది.

బల్లకట్టు ఎప్పుడు కదులుతుందా అని అప్పటికే గట్టు మీద జనం మూగారు. వాళ్ళనే బళ్ళతో సహా ఎడమవైపుకి ఎక్కి నిలబడమన్నాను. ముప్పై మంది దాకా ఎక్కారు. నేను లోపలికి దిగి లైటు పక్క గోడ మీదకి తిప్పాను. భుజం ఎత్తున, నాలుగు బోల్టుల చుట్టూ నుంచి నీళ్ళు సన్నగా, ఆగకుండా కారుతున్నాయి.

పైకొచ్చి జనాన్ని దింపి, బయటి వైపు చూశాను. ట్యాంకు గట్టుకి ఒరుసుకోకుండా పాత టైర్లు వేలాడదీస్తారు. ఆ టైర్ల కొక్కేన్ని ఫ్రేముకి బిగించకుండా ట్యాంకు రేకుకే చిల్లులు పొడిచి బోల్టులు వేశారు. టైరు రేవుకి తగిలిన ప్రతిసారీ కొక్కెం ఊగి, చిల్లులు కోడిగుడ్డు ఆకారంలో అరిగిపోయాయి. రంగు గీకాను. కింద గట్టిపడిన బంక వచ్చింది. దాన్నీ గీకాను. ఇంకో రంగు పొర, దాని కింద ఇంకో బంక. అలా నాలుగైదు పొరలు. కారినప్పుడల్లా ఎవరో బంక పూసి పైన రంగు కొట్టారు.

"ఈ కొక్కెం ఎవరు బిగించారు?" అడిగాను.

సరంగు నీళ్ళవైపు చూశాడు. "నేనే. మీరు రేకు అతికిన నెలకి."

"మొదటి బంక ఎప్పుడు పూశావు?"

పక్కనున్న తాడు ముడి సరిచేయబోయాడు. మళ్ళీ అడిగాను. గట్టిగా అడిగాను.

"నంది పడ్డ వారానికి," అన్నాడు.

తెలుసన్నమాట. తెలిసే ఎనిమిదేళ్ళు ఊరుకున్నాడు. మా షాపు ముందు నుంచి బండి మీద పోతూ, ఆ కుర్చీలో కూర్చున్న ముసలాయన్ని చూస్తూ ఊరుకున్నాడు. పొరపాటున అన్నాడేమో, తెలియక అన్నాడేమో అని ఎప్పుడైనా నాకు వచ్చిన కాస్త అనుమానం కూడా ఆ మాటతో పోయింది.

వెల్డింగు కేబుళ్ళు చుట్టేశాను. "ఇప్పుడు చెప్పిందే ఆ జనానికి చెప్పు. తర్వాత నా బండెక్కి వచ్చి మా నాన్నకి చెప్పు. అప్పుడే నిప్పు వెలిగిస్తా."

"జనానికి చెప్తా, మీ నాయనకీ చెప్తా. కాంట్రాక్టరుకి మాత్రం చెప్పమాక అబ్బాయ్. ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు?"

సరే అన్నాను.

గట్టు మీద నిలబడి చెప్పాడు. ఎనిమిదేళ్ళ కిందట నంది పడిపోయింది సాయిబు అతుకు వల్ల కాదు, నేను పొడిచిన చిల్లుల వల్ల అని. నేను ఆ క్షణం కోసం ఎన్నేళ్ళు కాచుకున్నానో నాకు తెలుసు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రోజు నిలబడ్డవాళ్ళు ఒక్కరూ అక్కడ లేరు.

"ఏ నంది?" అన్నాడు బండి మీద కూర్చున్న కుర్రాడు. "అయ్యన్నీ తర్వాత మాట్లాడుకోండన్నా. పడవ ఎప్పుడు తీస్తారో చెప్పండి."

నాకు వాళ్ళందరి మీదా కోపం వచ్చింది. సరంగుని బండి ఎక్కించుకుని గురజాల వచ్చాను.

నాన్న కుర్చీలోనే ఉన్నాడు. సరంగు ఎదురుగా నిలబడి, చేతులు కట్టుకుని, మొత్తం చెప్పాడు. కొక్కెం, బంక, రంగు, ఏదీ వదల్లేదు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు కూడా. నాన్న మధ్యలో ఎక్కడా ఆపలేదు. పెద్దమనిషి కదా, పోనీలే అంటాడనుకున్నాను. అంటాడేమోనని భయపడ్డాను.

"చెప్పడం అయిందా?" అన్నాడు నాన్న.

"అయింది సాయిబూ."

"అయితే పో. నా వాకిట్లో నిలబడమాక."

సరంగు నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. అతను రోడ్డు మీదకి నడిచి, షేరింగు ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. అప్పుడు నాన్న నన్ను అడిగింది ఒక్కటే. "గాలి కొట్టించే దిగావా?"

"కొట్టించే దిగా అబ్బా."

సరంగు గాలి కొట్టించకుండా దిగబోయిన సంగతి, చంకల కింద చేతులు వేసి లాగిన సంగతి, అంతకు ముందు చూస్తూ నిలబడ్డ సంగతి చెప్పలేదు.

మర్నాడు కొక్కెం కోసి పారేశాను. చిల్లులున్న చోట రేకు మొత్తం కత్తిరించి, మందపాటి కొత్త ముక్క పెట్టి లోపలా బయటా అతికాను. టైర్లకి కొత్త కొక్కేలు ఫ్రేముకే వెల్డింగు చేశాను. మూత బిగించి, అరలోకి కంప్రెసరుతో కొద్దిగా గాలి నింపి, అతుకుల మీద సబ్బు నీళ్ళు పోశాను. ఒక్క బుడగ లేవలేదు. నీటి దాకా మళ్ళీ నాలుగు మూలలా కొలిచాను. ఎడమకీ కుడికీ అరంగుళం తేడా. ఆ అతుకుల మీద నేను పెట్టినంత శ్రద్ధ నా ఇంటి తలుపు మీద కూడా పెట్టలేదు. అవి ఊడితే అతని పాత మాట నిజమైపోతుంది.

సాయంత్రం కాంట్రాక్టరు చూడటానికి వచ్చాడు. "ఇంతకీ రోగం ఏందయ్యా?" అన్నాడు. సరంగు అతని వెనకే నిలబడి ఉన్నాడు. నేను ఇచ్చిన మాట గుర్తుంది. గుర్తుండే, బంక పొరలు గీకి దాచిన పెంకులు జేబులోంచి తీసి అతని చేతిలో పెట్టి, మొదటి నుంచీ చివరి దాకా చెప్పాను. సరంగు అడ్డం రాలేదు, బతిమాలలేదు. ఇంజను తాళం చెవి తీసి బల్ల మీద పెట్టి గట్టు దిగిపోయాడు.

ఈ సంగతి తెలిసి నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు "మాట ఇచ్చావా, లేదా?" అని అడిగాడు. ఇచ్చానన్నాను. "మరి?" అన్నాడు. నా దగ్గర ఉన్నదల్లా సంతోషం. అది చెప్పడానికి ఆయన ముందు నోరు రాలేదు.

ఇప్పుడు ఆ బల్లకట్టుని వేరేవాడు నడుపుతున్నాడు. పాత సరంగుని పూర్తిగా పంపేయకుండా, రేవులో తాళ్ళు కట్టే పనికి ఉంచారు. అవతలి గట్టు పనులకి పోయేటప్పుడు నేను ఆ రేవులోనే ఎక్కుతాను. వేరే దారి లేక కాదు, చుట్టు తిరిగితే వంతెన ఉంది. అతను తల వంచుకుని తాడు గుంజకి చుడుతుంటాడు. నా బండి చప్పుడు తెలుసు, అయినా తల ఎత్తడు. బల్లకట్టు గట్టు వదిలి నీళ్ళలోకి జారేదాకా నేను అతణ్ణే చూస్తూ ఉంటాను.