మైనపు కావలివాడి కోసం సింగానల్లూరు నుంచి మేలూరు దాకా

ఈ ప్రయాణానికి నేను సరదాపడి బయల్దేరలేదు. దసరా బొమ్మల కొలువు మొదటి రోజు పొద్దున ఎనిమిదింటికి బీరువా కింది అర తెరిస్తే స్టీలు టిఫిన్ డబ్బా ఉంది, డబ్బాలో దూది ఉంది, దూదిలో ఉండాల్సిన బొమ్మ మాత్రం లేదు. నలభై మూడేళ్ల మనిషి బొమ్మ కనబడలేదని నేల మీద కూలబడ్డాడంటే మీకు నవ్వొస్తుంది, నవ్వుకోండి. ఆ బొమ్మ నాది కాకపోవడం వల్ల నాకు ఆ పూట నవ్వు రాలేదు.

మాది కోయంబత్తూరు. ఏ తరంలో ఇక్కడికి వచ్చామో ఇంట్లో ఎవరికీ తెలియదు గానీ ఇంట్లో మాట మాత్రం తెలుగే. నేను చదివింది తమిళంలో. తెలుగు అక్షరాలు ముప్పై దాటాక పట్టుబట్టి నేర్చుకున్నాను, తప్పులుంటే సర్దుకోండి. పని ఒక ఫౌండ్రీలో, పోతకు కావాల్సిన కొయ్య నమూనాలు చేస్తాను. మిగిలిన బతుకంతా యాక్షన్ ఫిగర్లే. మా చిన్నప్పటి తరహావి, అయిదున్నర అంగుళాల ఎత్తు, విరిసిన ఛాతీ, కాస్త వంగిన మోకాళ్లు, మెడ, భుజాలు, తొడల దగ్గర మాత్రమే కీళ్లు. ఆ పాత పద్ధతిలో ఇప్పుడు కొత్తగా చేసేవాళ్లున్నారు, వాటినే నేను కూడబెడతాను. మా ఆవిడ వాటిని నా రెండో సంసారం అంటుంది.

పోయిన బొమ్మ దానియేలు అన్నది. ఆయనవాళ్లూ ఇక్కడి తెలుగువాళ్లే, కూలి లైన్లలో, అంటే కూలివాళ్ల వరస ఇళ్లలో, పుట్టి పెరిగిన క్రైస్తవులు. నలభై ఏళ్లు కొట్ల బోర్డులు రాశాడు. ఉక్కడం వైపు ఆదివారం పాత సామాన్ల సంతలో ఒకే బొమ్మ మీద ఇద్దరం చెయ్యి వేసి పోట్లాడుకున్నాం, అప్పటినుంచీ స్నేహం. రెండేళ్లు కూర్చుని ఆయన మైనంతో తన సొంత వీరుణ్ణి చెక్కాడు. అదే పాత తరహా ఒళ్లు, కానీ మన పొలిమేరల్లో కనిపించే కావలిదేవుడి మీసం, చేతిలో కొడవలి, మీద రంగులు. దానికి నేను రబ్బరు అచ్చు తీసి యాభై బొమ్మలు పోయాలని మా ఒప్పందం. పోయిన ఏడాది నుంచి ఆయన చెయ్యి వణుకుతోంది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాడు. ఇంకో బొమ్మ చెక్కడం ఆయన వల్ల కాదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఉన్నది ఆ ఒక్కటే.

"అమ్మా, ఈ డబ్బాలో బొమ్మ ఏమైంది?" అని అడిగాను.

"మన వసుధకి ఇచ్చినాను" అంది అమ్మ, పోపు వేస్తూనే. "మొన్న వచ్చి పోయిందే, అప్పుడు. దానికి అత్తవారింట్లో తొలి కొలు గదా. మరపాచి జంటతో బాటు కావలికి ఒక సామి ఉండాలని పెట్టి పంపితిని."

"అది సామి కాదమ్మా!"

"మీసం ఉండాది, కొడవలి ఉండాది. సామి కాక ఏంది?"

తప్పు ఆమెది కాదు. మా ఇళ్లలో కొత్తగా పెళ్లయిన పిల్ల తొలి కొలువుకు పుట్టింటివైపు పెద్దలు బొమ్మలివ్వాలి, ఎర్రచందనంతో చేసిన ఆడ, మగ బొమ్మల మరపాచి జంట తప్పకుండా ఉండాలి. ఆ జంటా ఉండేది ఆ బీరువాలోనే. డబ్బా మీద నేనొక చీటీ అంటించలేదు, ఇంట్లో ఎవరికీ ఒక ముక్క చెప్పలేదు.

వసుధ మా మేనమామ మనవరాలు. మదురై దాటాక మేలూరులో ఇచ్చారు. ఫోన్ చేస్తే గొంతు తగ్గించి మాట్లాడింది. "మామా, బొమ్మలన్నీ మెట్లెక్కించేసినాము. మీ కావలివాడు కింద నుంచి రెండో మెట్టు మీద ఉండాడు. ఆరు గంటలకి అత్త తొలి దీపం పెడతాది, వాడి పక్కనే. కావలివాడి పక్కన దీపం ఉండాలంట."

"అది మైనం వసుధా. మెల్లగా దించి లోపల పెట్టేయ్."

"నా వల్ల కాదు మామా. వీళ్లింట్లో మెట్టెక్కిన బొమ్మని తొమ్మిది దినాలు కదిలించేది లేదు. ఒక సారి ఎవరో చూస్తామంటే అత్త ఒక బొమ్మ తీసి చూపించిందంట. ఆ వారమే క్వారీలో మామగారు పోయినారు. నేను నోరెత్తితే అత్త ఏమనుకుంటాది?" అంటూ ఏడుపులోకి దిగింది.

ఇక పిల్లని ఇరికించడం న్యాయం కాదనిపించింది. ఫౌండ్రీకి సెలవు చెప్పి, థర్మకోల్ పెట్టె ఒకటి సంచిలో వేసుకుని తొమ్మిదిన్నరకి సింగానల్లూరు బస్టాండులో ఉన్నాను. మదురైకి ఇక్కడ రోజంతా బస్సులుంటాయి. పల్లడం, ధారాపురం, ఒట్టన్‌చత్రం, దిండుక్కల్ మీదుగా వెళ్తాయి. టికెట్ రెండు వందల చిల్లర, అయిదు గంటల దారి. పళని మీద నుంచి పోవాలంటే ఉక్కడంలో ఎక్కాలి, కానీ పండగ రోజుల్లో ఆ దారిలో భక్తుల రద్దీ ఉంటుంది. తొమ్మిదీ నలభైకి బస్సు కదిలింది. మూడుకి మదురై, నాలుగున్నరకి మేలూరు అని వేళ్ల మీద లెక్కేసుకున్నాను. ధారాపురం దాకా గాలిమరలు, కొబ్బరితోటలు, చక్కటి రోడ్డు. మామూలుగా అయితే ఆ దారి నాకిష్టం. ఆ రోజు కిటికీలోంచి ఎండ మోచేతి మీద పడినప్పుడల్లా మైనమే గుర్తొచ్చింది.

ఒట్టన్‌చత్రం దగ్గర ఆగిపోయాం. కూరగాయల మార్కెట్‌కు వచ్చిన లారీలు రోడ్డుకి రెండు వైపులా నిలబడ్డాయి, మధ్యలో మునక్కాయల లోడు ఒకటి అడ్డం తిరిగింది. పదిహేను నిమిషాలు గడిచాయి, అరగంట గడిచింది. డ్రైవర్ ఇంజిన్ ఆపి దిగిపోయాడు. నేనూ దిగి ఆయన్ని అడిగాను, "అన్నా, ఆరు లోపల మేలూరు చేరేనా?"

"లారీవాణ్ణి అడుగు తంబీ" అన్నాడాయన. "నాకు రెక్కలు లేవు." నేనంత కంగారుగా ఉండడం చూసి మళ్లీ తనే, "కల్యాణమా?" అన్నాడు. బొమ్మ అని చెప్పడానికి నోరు రాలేదు. అవునన్నాను.

అప్పుడే ఫోన్ మోగింది. దానియేలు అన్న.

"ఏం తంబీ, హారన్లు వినపడతా ఉండాయి. యాడుండావు?"

"ఫౌండ్రీ గేటు దగ్గర అన్నా."

"రేపు పొద్దున వస్తాను. నువ్వు అచ్చు పోసే ముందర వాణ్ణి ఒక సారి చూసుకోవాల. ఎట్లుండాడు?"

చెప్పేయాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా. సాయంత్రానికి బొమ్మ నా చేతిలో ఉంటే ఈ సంగతి ఆయనకు తెలియాల్సిన అవసరమే లేదు కదా అని బుద్ధి అడ్డం పడింది. "బీరువాలో చల్లగా ఉండాడు అన్నా" అన్నాను. "సరి సరి, జాగ్రత్త" అని నవ్వి పెట్టేశాడు. రోడ్డు పక్క బండి మీద నిమ్మకాయ సోడా తాగాను.

బస్సు కదిలేసరికి ఒకటిన్నర దాటింది. మదురై ఆరప్పాళయంలో దిగేసరికి నాలుగుంపావు. ఇక్కడ కొత్తవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. కోయంబత్తూరు బస్సులు ఆరప్పాళయంలో ఆగుతాయి, మేలూరు బస్సులు ఊరికి ఆ చివర మాట్టుత్తావణిలో దొరుకుతాయి. సిటీ బస్సుకి పెద్ద ఖర్చు లేదు గానీ గంట పట్టొచ్చు, ఆటోకి ఎక్కువ పోయాలి. ఆటో ఎక్కాను. వైగై వంతెన మీద అది కూడా ఆగింది. మేలూరు బస్సు దొరికేటప్పటికి అయిదు. నిలబడే ప్రయాణం. వసుధకి మూడు సార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మేలూరులో దిగి చూసుకుంటే ఆరుకి పది నిమిషాలు. పరుగెత్తాను. నా ఒంటికి పరుగు అలవాటు లేదు.

ముందు గదిలో ఏడెనిమిది మంది ఆడవాళ్లు పట్టుచీరల్లో కూర్చుని ఉన్నారు. సుండల్ గుగ్గిళ్ల పోపు వాసన వస్తోంది. అయిదు మెట్ల కొలువు. రెండో మెట్టు చివర దానియేలు అన్న కావలివాడు నిలబడి ఉన్నాడు. వాడికి జానెడు దూరంలో పీట మీద పొడుగాటి ఇత్తడి దీపపు కుంది, అయిదు వత్తులు నూనెలో తడిసి ఉన్నాయి. వసుధ అత్తగారు రాజమ్మగారు అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుంటున్నారు.

"అక్కా, ఒక్క నిమిషం" అన్నాను. అనడం కాదు, అరిచాను. దీపం పెట్టే వేళ మగ గొంతు అలా లేచేసరికి అందరూ తిరిగి చూశారు. వసుధ మొహం తెల్లబోయింది. నేను ఆయాసపడుతూనే, బొమ్మ మైనమని, పొరపాటున వచ్చిందని, అది ఇంకొకరిదని చెబుతూ రెండో మెట్టు దాకా వెళ్లిపోయాను. చెయ్యి దానంతటదే చాచుకుంది.

"చెయ్యి పెట్టవద్దు" అన్నారు రాజమ్మగారు. గొంతు పెంచలేదు. నా చెయ్యి గాలిలో ఆగిపోయింది. "ఈ ఇంట్లో ఎక్కిన బొమ్మని దించేది లేదు. ఒక సారి దించి ఏమి పోగొట్టుకుంటినో ఈ ఊరికంతా తెలుసు."

"దీపమైనా కొంచెం జరపండక్కా."

"మా అత్త పెట్టిన చోటు అది. ఏంటికి జరపాల? మైనమైతే ఇంకొకటి చేయించుకోరాదా?"

"చేయలేడు" అన్నాను. ఇక దాచి లాభం లేదు. "చేసినాయన చెయ్యి ఇప్పుడు వణుకుతుందక్కా. ఆయన చేసింది ఈ ఒక్కటే, మళ్లీ చేయలేడు. ఇది కరిగితే ఆయన మొహం నేను చూడలేను."

ఆమె అగ్గిపెట్టె పీట మీద పెట్టారు. గోడ గడియారం ఆరు కొట్టింది, ఒకావిడ "వేళయిపోతా ఉంది" అని గొణిగింది. అప్పుడు రాజమ్మగారు అన్న మాటని నేను ఊహించలేదు. "బొమ్మని మెట్టెక్కించినదాన్ని నేను. చేసినవాడు నాకన్న పెద్ద. ఆయన నోటితో దించమంటే దించుతాను. అడుగు."

పొద్దుటినుంచీ నేను తప్పించుకుంటున్నది ఆ ఒక్క పనే. ఏడెనిమిది మంది ఆడవాళ్ల ముందు, దానియేలు అన్నకి అంతా చెప్పాను. మా అమ్మ, బీరువా, మేలూరు, కొలువు, దీపం.

"ఆయమ్మతో మాట్లాడాల" అన్నాడు అంతా విని. స్పీకర్ పెట్టాను.

"అమ్మా, వాడి మీసం నిలబడి ఉండాదా?"

రాజమ్మగారు వంగి చూశారు. "నిలబడి ఉండాది అన్నా. బాగుండాడు."

"దించితే మీకు భయమా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "భయమే" అన్నారు. "ఈ పిల్ల తొలి కొలు."

"అట్లయితే దించవద్దు. తొమ్మిది దినాలు ఉండనీ. దీపం మాత్రం దూరం పెట్టండి, వాడికి వేడి పడదు. విజయదశమికి నేనే వచ్చి తెచ్చుకుంటాను."

రాజమ్మగారు కుందిని తనే ఎత్తి వాకిలి దగ్గర పెట్టి వెలిగించారు. ఎవరో పాట అందుకున్నారు. వసుధ కళ్లు తుడుచుకుని నాకు మంచినీళ్లు తెచ్చింది. ఫోన్‌లో అన్న ఇంకా ఉన్నాడని అప్పుడు గమనించి స్పీకర్ తీసేసి చెవిన పెట్టుకున్నాను.

"మధ్యాన్నం అడిగితే బీరువాలో అంటివే" అన్నాడు. నేను ఏదో చెప్పేలోపల పెట్టేశాడు.

విజయదశమి పొద్దున ఆయన మేలూరు వచ్చాడు, నేనూ వెళ్లాను. రాజమ్మగారు బొమ్మని తాంబూలం పళ్లెంలో పెట్టి ఆయన చేతికే ఇచ్చారు. ఆయన రెండు చేతులతో అందుకున్నాడు, పళ్లెం కొంచెం గలగలమంది. థర్మకోల్ పెట్టె నేను చాపితే తీసుకుని, అందులో వాణ్ణి పడుకోబెట్టి, తన ఒళ్లోనే పెట్టుకున్నాడు. తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. ఎండ గురించి మాట్లాడాడు, దిండుక్కల్‌లో తిన్న పరోటా గురించి మాట్లాడాడు. అచ్చు మాట ఎత్తలేదు. సింగానల్లూరులో దిగి, పెట్టె చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. ఇది రాస్తున్న రోజుకి బొమ్మ ఆయన దగ్గరే ఉంది. అచ్చు పోయమని ఆయన అనలేదు, ఇమ్మని అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

మా పిచ్చి ఉన్నవాళ్లం బొమ్మ కొనేముందు భూతద్దం పెట్టి చూస్తాం. రంగు ఎక్కడ లేచింది, కీలు ఎక్కడ వదులైంది, అట్ట మూల ఎక్కడ నలిగింది. కావలివాణ్ణి నేను ఆ రోజు పళ్లెంలో అలాగే చూశాను, ఒక్క గీత లేదు. నేను కాపాడాలని పరుగెత్తిన బొమ్మని కాపాడింది రాజమ్మగారు, ఆమె భయాన్ని మన్నించింది దానియేలు అన్న. ఆ గదిలో ఎవరి మాటనైనా నమ్మలేకపోతే అది నాది ఒక్కటే. నాకు సిగ్గుగా ఉంది, బాధగా కూడా ఉంది. ఆదివారం సంతకి వెళ్తున్నాను, ఆయన రావడం లేదు.

మైనపు బొమ్మతోనో, ఎండకి ఆగని ఇంకో వస్తువుతోనో ఈ దారిన వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఇదీ. పొద్దున ఏడు లోపల బస్సెక్కండి, ఒట్టన్‌చత్రం లారీలు తగలవు. మధ్యలో బొమ్మ చేసినవాళ్లు ఫోన్ చేసి అది ఎక్కడుందని అడిగితే, ఎక్కడుంటే అక్కడే ఉందని చెప్పండి.